ఏడో నంబరు గడియ

హెరిఫర్డ్ వెనకసందులో
పన్నెండు తలుపుల వరుసిల్లు.
వాకిటి రాతిమీద ఉన్ని వర్తకుడి పేరు,
సగం నాచు తినేసింది.

తన ఆత్మకోసం పొద్దూమాపూ ప్రార్థించే
పన్నెండు నోళ్ళకని కట్టించాడట.
రొట్టె, బొగ్గు, నీలం అంగీ,
భుజాన తగరపు బిళ్ళ.
ఎవరి ముష్టివాళ్ళో ఊరికి తెలియాలిగా!

గ్యాస్ మీటరు చూడ్డానికి వెళ్ళాను.
ఏడో నంబరులో మేబెల్ ప్రాసర్,
ముప్పైయేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన చేతులు.
నేలపలకల కింద దొరికిన పాత బిళ్ళ మీద
టీ కప్పు పెట్టుకుంది.

"ప్రార్థనా? మర్చిపోతుంటాను.
అయితే చలిరాత్రి
లోపల్నుంచి గడియ వేసుకుంటానే,
ఆ చప్పుడు...
అద్దెకొంపల్లో ఎప్పుడూ నాది కాని చప్పుడు,
అది ఆయనకి వినిపిస్తే చాలు."

మీటరు అంకె రాసుకోవడం
మర్చిపోయి వచ్చేశాను.