వెనకపక్క లెక్కలు

బల్లార్షా మిల్లుల
మా బాపుది కటింగ్ సెక్షన్.
అంచు వంకరపోయిన కాయితాలు
టిఫిన్ డబ్బా కింద మడిచి తెచ్చేటోడు,
నా రఫ్ లెక్కలకని.

వెనకపక్క అకౌంటెన్సీ, ముందుపక్క కథ.
పరీక్షలు దగ్గరపడితే పక్కలు మారేవి.

బళ్ళె అంతా మరాఠీ.
నాకు తెలుగు ఒత్తులు నేర్పినవి
గేటు ముందు వరసగా ఆగే
వెదురు లారీల వెనక రాతలు.

ఆరు కథలు వాపసొచ్చినయ్.
ఏడోదానికి ఎడిటర్ ఫోను:
"బాగుందమ్మా. ఈ 'పావుసు' ఏమిటి?
తెలుగు మాట వేద్దాం."
మా గల్లీల పడేది పావుసే సార్,
వానకు రేకులు అంత మోగవు—
అనలేదు.
"సరే సార్" అన్న.
బీకాం రెండో ఏడు. మూడొందలు ఇస్తమన్నరు.

పత్రిక వచ్చిన పొద్దున
బాపు నైట్ షిఫ్ట్ దిగి వచ్చిండు.
చేతులు కడుక్కొని, తుడుచుకొని,
నా పేరున్న పేజీని
బొటనవేలితో రుద్దిండు, వెలుగుకు ఎత్తి పట్టిండు.
చదువుడు రాదు.
"మన మిల్లుది కాదు బిడ్డా.
పలచగున్నది. సిరా అవతలికి దిగుతది."

రేపు కాస్టింగ్ పేపర్.
ఇగో, ఎనిమిదో కథ
మొదటి వాక్యంలనే
పావుసు మొదలైంది.