వెనక నీళ్లు

మొదలు మెట్లు చెప్పినయి.
సిరొంచ బస్టాండు కాడ మూడే మూడు మెట్లు.
మా చెల్లె పోచుబాయి రెండో దాని మీద ఆగింది,
చెప్పు తెగిందని అబద్ధమాడింది.

తర్వాత మిరప చేను చెప్పింది.
సంచి సగం నిండకముందే సాలు నడుమ నిలబడి
పెదవుల నీలం కొంగుతో తుడుచుకునేది.
నేరేడు పండ్లు తిన్నదనుకున్న.
అది నేరేడు కాలం కాదని
నాకు తట్టలే.

ఆర్ఎంపీ ఉబ్బసమన్నడు, పీల్చే మందిచ్చిండు.
అంకీసల రక్తం తక్కువన్నరు, ఎర్రగోలీలిచ్చిండ్రు.
అందరూ చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి,
బీపీ మంచిగుందన్నరు.
మంచిగనే ఉండె.
వాళ్లు కొలిచింది వేరే నది.

చంద్రపూర్ల చీకటి గది. ఛాతీ మీద చల్లటి జిగురు.
ఉసెండి మేడం మరాఠీల మొదలుపెట్టి
మా మొహాలు చూసి తెలుగులకు దిగింది:
"గుండెకు కుడి దిక్కు గది ఉబ్బింది.
ఊపిరితిత్తుల దారులు సన్నబడ్డయి,
నెత్తురు ముందుకు పోలేక వెనక్కి తంతున్నది."

నాకు అర్థమైంది. నిజంగనే అయింది.
కింద బరాజు గేట్లు దిగిన నాడు
వాన సుక్క లేకుండనే
మా చెలక మునిగింది.
తప్పు చెలకది కాదు.

"గేటేది?" అనడిగిన.
ఆమె వెంటనే చెప్పలే. ఆ చెప్పకపోవుడు నాకు నచ్చింది.
గుండెల పుట్టు చిల్లా? కనబడలే.
నెత్తురు గడ్డ అడ్డం పడ్డదా? స్కానింగు చూడాలె.
చిన్నప్పుడు కీళ్ల జ్వరమొచ్చిందా?
కట్టెల పొయ్యి ఎన్నేండ్లు? నిద్రల గురకుందా?
రాసుకుంట రాసుకుంట ఉంటే
పోచుబాయి సంచి అడుగు నుంచి
నాలుగు మడతల కార్డు తీసింది.
ఏడో తరగతిల ఇచ్చిన సికిల్ సెల్ కార్డు.
మేస్త్రి చూస్తే కూలికి పిలవడని
పదకొండేండ్లు దాచింది,
నాక్కూడ చెప్పలే.

కొడవలి మా చూరుల ఉంటదనుకున్న.
నెత్తుట్ల కూడ ఉన్నదట,
ఆ వంకర కణాలు పగిలి పగిలి
దారులు ముడుచుకునేట్టు చేస్తయట.

"ఇదింక అంచనానే" అన్నది మేడం.
"నాగపూర్ల తొడ నరం నుంచి సన్న గొట్టం
గుండె దాక పంపి లోపలి ఒత్తిడి కొలుస్తరు.
కొలిచినంకనే పేరు రాస్త."

తిరుగు బస్సుల ఆలాపల్లి దాటినంక
"గేట్లెత్తే మందుందా?" అన్నది.
"మొదలు కొలుస్తరట" అన్న.
కిటికీ దిక్కు తిరిగింది. చాలాసేపు అడవే.

సిరొంచల, అదే రెండో మెట్టు మీద, మళ్లా ఆగింది.
చెప్పు మాట ఎత్తలే.
నేను సంచి కింద పెట్టి
పక్కన నిలబడ్డ.