గుంటకు ఒక్కటి

లిన్యారెస్ దాటాక ఎర్రమట్టి.
బొప్పాయి తోటలో గుంటకు మూడు మొక్కలు.
తొలి మొగ్గ దాకా మూడింటికీ ఒకే నీళ్లు.
తర్వాత జాసిరా వస్తుంది,
తాడు కట్టిన కళ్లద్దాలు మెడలో,
కత్తి నడుముకి.

నాకు పని నేర్పింది ఆవిడే.
ఆకు చంకలో వేలు పెట్టు, అంది.
అడుగున బొద్దుగా, కొసన సూదిగా ఉంటే ఆడమొగ్గ.
నిడుపుగా, చిటికెన వేలిలా ఉంటే
రెండూ ఉన్నది.
అనుమానమైతే గోటితో చీల్చు:
పచ్చటి కడుపు చుట్టూ పసుప్పచ్చ కేసరాలు
ఉన్నాయా, లేవా.

ఉన్నవాటిలో బలమైనది నిలుస్తుంది.
మిగతావి నేలమట్టం.
ఓడెక్కే పెట్టెలో గుండ్రటి పండు ఇమడదట.
"ఆడదాని తప్పేముంది, గుండ్రంగా కాస్తుంది" అని
జాసిరా నరుకుతూనే అంటుంది.
తెల్లటి పాలు మణికట్టు దాకా కారి
రాత్రంతా దురద.

మొదటి వారం నేను పదకొండు తప్పు నరికాను.
ఆవిడ లెక్కపెట్టింది.
ఎవరికీ చెప్పలేదు.

జనవరి ఎండకి
మేం ఏరి నిలబెట్టిన చెట్లే మాట మార్చాయి.
కడుపు ఎండగట్టుకుని
ఒట్టి కేసరాలతో పూశాయి.
మూరెడు కాండం, ఒక్క పిందె లేదు.
మేస్త్రీ ఒలింపియో పుస్తకంలో
"గొడ్డు" అని రాసుకుంటుంటే
"అలిగింది అని రాయి" అంది జాసిరా,
"వాన పడితే తిరిగొస్తుంది."
అతను రాయలేదు. వాన పడింది.
కొన్ని తిరిగొచ్చాయి.
జూలై చలికి మరికొన్ని
కేసరాల్ని కడుపులోకే లాక్కుని
పిల్లిమొహం కాయలు కాశాయి.

పెట్టెలు కట్టే షెడ్డు వెనక, మురుగుకాలువ పక్కన
ఎవరో ఉమ్మిన గింజకి మొలిచింది ఒక మగచెట్టు.
వరుసలో లేదు కాబట్టి కత్తికి అందలేదు.
బారెడు కాడలకి గుత్తులు గుత్తులుగా పూలు,
చీకటిపడితే వాసన.
వంటమనిషి బెనెడిటా ఆ పూలు కోసుకెళ్లి
దగ్గుకి తేనెలో మరిగిస్తుంది.
దానివల్ల ఇంకో లాభం ఉందని
ఎవరూ అనుకోలేదు.

ఈ ఆగస్టులో
అన్నిటికంటే పొడుగు కాడ చివర
కోడిగుడ్డంత కాయ వేలాడింది.

నేనే ముందు చూశాను. కేకేశాను.
జాసిరా వచ్చింది, అద్దాలు పెట్టుకుంది,
అలవాటుగా వేలు చాచి
ముట్టకుండా ఆగింది.
"మగదేగా?" అన్నాను.
"అవును" అంది.
కొంచెంసేపటికి
"అదీ అవును" అంది.

పిట్టలు పొడవకుండా
తలగుడ్డ విప్పి కాయకి చుట్టింది.
ఆ పూటంతా ఉత్త నెత్తితో
నాలుగు వరుసలు నరికింది.