కడిగిన కుండ

ఆరుగురం మిగిలాం స్నోమొబైల్ క్లబ్బులో.
ఇద్దరికి మోకాళ్లు లేవు,
ఒకడికి ఓపిక లేదు.

రాత్రి రెండింటికి, మైనస్ ఇరవైలో
ఓడిల్ గ్రూమర్ ఎక్కుతుంది.
నది అవతల కెనడా దీపాలు.
వెనక ఇనుప పలక ఈడ్చుకుంటూ
మంచుకి తల దువ్వుతుంది.

లుసియాన్ చేను మీదుగా ఈ ఏడు దారి లేదు.
ఎవడో కుర్రాడు జెండాలు దాటి
మంచు కింద నిద్రపోతున్న రై పైరును నుగ్గు చేశాడు.
క్షమాపణకి ఓడిల్ మూడుసార్లు వెళ్లింది,
బీన్స్ కుండతో.
మూడోసారి కుండ లోపలికి తీసుకుని
తలుపేసుకున్నాడు.

అందుకే వాగు చుట్టూ నాలుగు మైళ్లు,
కొత్త వంతెన, పాత మేకులు,
నా బొటనవేలి గోరు.

తెల్లారితే ఎవరో రయ్యిన పోతారు,
దారి దానంతటదే ఉందనుకుంటూ.
పోనీ.

ఇవాళ లుసియాన్ గేటు పక్కన
కడిగిన కుండ, బోర్లించి.
రాత్రంతా కురిసింది.
దాని మీద మంచు లేదు.