కొసరు

రాయగడ స్టేషన్ రోడ్డులో చింతపండు కొట్టు మూసేశాక
నేను బాస్కెట్‌బాల్ లెక్కలు రాస్తాను.
పగలంతా బస్తాలకి తరుగు తీసిన చెయ్యే,
అదే కలం, అదే కార్బన్ కాగితం.
రాత్రి తొమ్మిది దాటితే బస్తాలు మనుషులవుతాయి.

మా లీగులో ఆరు జట్లు.
జట్టుకి జీతాలన్నీ కలిపి రెండు లక్షలు,
ఆ గీత మీద పైసా పెరక్కూడదు.
డబ్బున్న మిల్లు వాళ్లే ఏటేటా కప్పు ఎత్తుకుపోతున్నారని
మూడేళ్ల కిందట గుణుపురంలో కూచుని పెట్టుకున్న కట్టుబాటు.
ఆ కాగితం నేనే రాశాను, తెలుగులో ఆలోచించి ఒడియాలో.
న్యాయంగానే ఉంది.
ఇప్పటికీ న్యాయంగానే ఉంది.

మా దాసు హికాకా ఆరడుగుల నాలుగంగుళాలు.
రింగు కింద నిలబడితే ఎదుటి జట్టుకి పొద్దు కనబడదు.
నలభై ఎనిమిది వేలు.
మోకాలు మాత్రం మెట్లెక్కేటప్పుడు పాత తలుపులా కిర్రుమంటుంది.
ఆ సంగతి జయపురం వాళ్లకి తెలీదనుకున్నాం.
తెలుసు.
వాళ్ల గురుచరణ్ గొలొరి యాభై ఏడు వేలు.
బంతి అతని చేతికొస్తే
గేలరీలో వేరుశెనగకాయలు ఒలిచే చప్పుడు ఆగిపోతుంది.

ఇతన్నిచ్చి అతన్ని తెచ్చుకుందాం అన్నాడు ప్రెసిడెంటు,
పశువుల సంతలో కండువా కింద వేళ్లు పట్టినంత సులువుగా.
కండువా తీస్తే నా లెక్క ఉంది:
రెండు లక్షల గీత దాటం, అది సరే.
కానీ వచ్చేవాడి జీతం
పోయేవాడి జీతం మీద పదో వంతుకి మించకూడదు.
నలభై ఎనిమిదికి పదో వంతు కలిపితే
యాభై రెండు వేల ఎనిమిది వందలు.
నాలుగు వేల రెండు వందల దగ్గర తక్కెడ మొరాయించింది.

బిల్లు వెనకాల మూడుసార్లు వేసి మూడుసార్లు కొట్టేశాను.
నాగావళి వంతెన మీద గూడ్సు పోయింది.
పెట్టెలు లెక్కపెట్టాను, అలవాటు.
అప్పుడు జాబితా అడుగున కనిపించాడు
పొల్లాయి లోకనాథ్. నాలుగు వేలు.

నీళ్ల సీసాలు మోస్తాడు, తువ్వాళ్లు ఆరేస్తాడు.
నిరుడు మొత్తమ్మీద ఆడింది పదకొండు నిమిషాలు.
ఫ్రీ త్రో తప్పితే
బోర్డుకి దెబ్బ తగిలిందేమోనన్నట్టు చూస్తాడు.
వాణ్ని కలిపితే పోయేది యాభై రెండు వేలు,
పదో వంతుతో యాభై ఏడు వేల రెండు వందలు.
కుదిరింది. రెండు వందలు మిగిలాయి కూడా.
చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ
నవ్వొచ్చింది నాకు, తూకం కుదిరినవాడి నవ్వు.

ఆ రెండోవాడెవడు, ఏం ఆడతాడు,
ఫోన్‌లో అడిగారు జయపురం వాళ్లు.
కొసరండీ, అన్నాను.

ఈ కొట్టు బెల్లాన వారి చేతిలోంచి
సిపానీ వారి చేతిలోకి మారిన ఏడు
దస్తావేజులో ఉన్నది ఇదీ:
ఇనప్పెట్టె ఒకటి, కాటాలు రెండు, గుమాస్తా సహా.
ఆ ‘సహా’ నా దస్తూరీయే.
శుభ్రప్రతి రాయమంటే రాశాను.

పొద్దున్నే టీ కొట్టు దగ్గర వాడికి చెప్పాను.
ఏడుస్తాడనుకున్నాను.
గ్లాసు అంచు ఊదుకుంటూ అడిగాడు,
“నన్ను ఏ పద్దు కింద రాసినారు మాస్టారూ?”
ఆటగాడి కిందేరా.
“అయితే అక్కడ ఆడిస్తారేటి?”

టీ డబ్బులు నేనిచ్చాను.

బూట్లు జట్టువి, వెళ్లేవాడు అప్పజెప్పాలి, నిబంధన.
వంగి తాళ్లు విప్పబోయాడు. వద్దన్నాను.
వాటి ఖరీదు పన్నెండు వందలు.
మిగిలిన రెండు వందల్లో ఎంత కుక్కినా పట్టవు.

జయపురం బస్సు మలుపు తిరిగాక
ఖాతా తెరిచి
బూట్లు ఒక జత, అరిగినవి, అని రాసి
తరుగు కింద చూపించాను.