బొక్కలు లేనిది

నల్లగొండ కాలేజి జువాలజీ ల్యాబుల
మూడో అల్మారా, నడిమి అర.
సీసా మీది చీటి వెలిసిపోయింది,
కాకినాడ అన్న మాటొక్కటి మిగిలింది.
మా దిక్కు సముద్రమంటే
పానగల్లు కాడి ఉదయసముద్రమే, పేరుకు.

నేను సైదులును. అటెండర్ను.
మర్రిగూడ బోరునీళ్లు తాగి పెరిగిన మెడ నాది.
పక్కకు చూడాలంటే మనిషి మొత్తం మళ్లాలె.
గందుకే దాన్ని తుడిచేటప్పుడు
ఎదురుంగ నిలవడ్త.

మేడం చెప్తది పిల్లలకు:
ఆక్టోపస్‌కు మూడు గుండెలు.
రెండు మొప్పలకు, ఒకటి మిగతా ఒంటికి.
ఈదుతుంటే ఆ ఒకటి ఆగుతది,
పాకుడే దానికి సుఖం.
నెత్తురు నీలం, అండ్ల ఇనుము కాదు, రాగి.
బుద్ధి సగానికెక్కువ చేతులల్లనే.
బొక్క అన్నది లేదు.
గట్టిదంటే ముక్కొక్కటే, చిలుక ముక్కు లెక్క.
ముక్కు దూరిన సందుల ఒళ్లంతా దూరుతది.

మా నాయిన దర్వాజల పట్టలే.
అరవై నిండకముందే కొడవలి లెక్క వంగిండు.
చచ్చినంక సుత సక్కగ పండలే,
పాడె మీద పక్కకు పండవెట్టినం.
గుట్టల రాయి నీళ్లల్ల కరిగి
గుక్క గుక్కకు లోపలికొచ్చి కూసున్నది.
ఇదేమో రాళ్ల సందులనే కాపురముంటది,
రాయిని ఒంట్లకు రానియ్యదు.

పక్క సీసల దీని చుట్టం, కట్ల్‌ఫిష్.
దాని వీపుల బెండు అసోంటి తెల్లటి బిళ్ల.
సముద్రపు నురుగని మా అవ్వ
కిరాణం దుకాణంల కొనుక్కొచ్చి
చీము గారే చెవుల నూరి పోసేది.
సముద్రం మా ఇంటికొచ్చింది గంతనే.

మొన్న ఎండకాలం సీసా మూత పగిలింది.
ఫార్మలిన్ సగానికి ఇంకింది.
కండ్లు మండంగ, తొడుగులేస్కొని
మొదటిసారి దాన్ని బయటకు తీసిన.
మెత్తగుంటదనుకున్న ఇన్నేండ్లు.
కట్టె.
ఎనిమిది చేతులు వంగినకాడ్నే బిగుసుకున్నయి,
చాపితే రావు.
నువ్వే బోరునీళ్లు తాగినవే అని నవ్విన.
నవ్వు అయిపోంగనే
ఇగ నోరు రాలే.

కొత్త సీసా మూతి సన్నగున్నది.
తోస్తె ఇరుగుతది.
సైదులూ, పైలం, అంటున్నది మేడం.
పక్కకు పండవెట్టి, ముందుగాల ఒక చెయ్యి,
తర్వాత తల,
కొద్దికొద్దిగ తిప్పుకుంట దించిన.
ఈ పని నాకు మేడం నేర్పలే.