కాకిబంగారం

సైదాపురం దాటినాక ఎడం పక్క
తెల్లగా మెరిసే దిబ్బ కనిపిస్తే
అది మా ఊరు.
కోడిపిల్ల కాళ్లకి మెరుపు, కుక్క మూతికి మెరుపు,
పెళ్లికొడుకు చెవి వెనక ఎంత తోమినా పోని మెరుపు.
కొత్తగా వచ్చిన టీచరమ్మ మొదటి వారం
దులుపుకుంది. తర్వాత మానేసింది.

గని ఏడు నిచ్చెనల లోతు.
మేం అడుగుల్లో చెప్పం.
నాలుగో నిచ్చెన కాడ చెంచయ్య మామ
ఒకసారి ఈల వేశాడంట.
లోన ఈల వేస్తే రాయి తిరిగి చూస్తాదని
ముసలోళ్లు అప్పటికే చెప్పి ఉండారు.
తర్వాతి సంగతి అత్త చెప్పదు.
కొత్త పలక తగిలిన రోజు
నల్లకోడి, పొంగలి,
మొదటి రేకు అమ్మవారి నుదుటికి.
దాని మీద కుంకుమ నిలిచేది కాదు, జారేది.
అయినా అదే పెట్టేవాళ్లు.

వెంగమ్మత్తది షెడ్డు పని.
ఫ్యాను ఉండదు, గాలికి రేకులు లేస్తాయని.
దగ్గొస్తే బయటికి పోయి దగ్గాల.
కొడవలి మొన అంచులో దూర్చి
ఊపిరి బిగబట్టి విడదీసేది.
చెవి కాడ పెట్టి మీటితే
టిక్కుమంటే ఒకటో రకం,
బుస్సుమంటే లోన గాలి ఉన్నట్టు.
ఆమె తీసిన రేకులు ఏ దేశంలో
ఏ ఇస్త్రీపెట్టెలో కాగినాయో తెలీదు.
మా ఇంట్లో ఇస్త్రీపెట్టె లేదు.

నీళ్లు ఊరి గని మూసేశారు.
ఇప్పుడు దాంట్లో పిలకాయలు ఈత కొడతారు,
ఈలలు కూడా వేస్తారు.
నేను దిబ్బ మీద తుక్కు జల్లెడ పడతా,
కిలోల లెక్క.

మామ ఫోటో ఒకటే ఉంది.
అద్దం కొనలేక ఆ రోజుల్లో
మందపాటి అభ్రకం పలక బిగించింది అత్త.
ఏడాదికోసారి, ఆయన పోయిన రోజు తెల్లారి,
మసిబారిన పైపొర గోటితో లేపుతాది.
మామ మళ్లీ తేటగా వస్తాడు:
మీసం, ఊడిన గుండీ, చెవి మీద బీడీ.
"ఇంకెన్ని పొరలుండాయత్తా?"
"నీకెందుకు మే."

ఈ ఏడు తీసిన పొర నా చేతిలో పెట్టింది.
ఊదితే పోయేంత.
కంటికి ఆనించి చూశా.
లారీ, జల్లెడ, కోడిపెట్ట, అత్త వీపు
అన్నీ కాస్త పచ్చగా.
మాది పచ్చ రకం.
ఒకటో రకమో కాదో
మీటి చూడాలనిపించింది.
మీటలేదు.